గదిలో పెరుగు పచ్చిమేత: వేడిమి, తేమల అదుపు

ఫాల్గుణ మాసము దాటినది మొదలు మృగశిర కార్తె వచ్చు వరకు పచ్చిమేతకు కటకటపడుట మన పల్లెలకు క్రొత్త కాదు. గట్ల మీది పచ్చిక మాడిపోవును. బోరులలోని నీరు త్రాగుటకే చాలదు. వరిగడ్డితోను, చొప్పతోను పాడిపశువు ప్రాణము నిలుపుకొనునేగాని పాలు ఇయ్యజాలదు. ఇట్టి దినములలో, మట్టి అక్కర లేకుండ, కొలది నీటితో, ఒక గదిలో ఎనిమిది దినములకు పచ్చిమేత చేతికి వచ్చునను మాట విన్నచో ఎవరికైనను ఆశ కలుగుట సహజము. దీనిని హైడ్రోపోనిక్ పశుగ్రాసమని వ్యవహరించుచున్నారు. ఇట్టి మేత గదిని ఉమ్మడిగా నెలకొల్పవలెనని పాల సంఘమో, మహిళా సంఘమో పంచాయతీని స్థలముగాని, ఖాళీగా నున్న భవనముగాని కోరవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో పశుపోషణయు, ఇంధన పశుగ్రాసములును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నున్నవి. కావున అట్టి కోరిక సభ ముందునకు వచ్చినప్పుడు అవుననుటకైనను, కాదనుటకైనను సభ్యులకు ఆ గదిలో జరుగు వ్యవహారము కొంత తెలిసియుండవలెను.

విత్తనము, ట్రేలు, నీటి గొట్టములు కంటికి కనిపించును గనుక వాటిని గూర్చి అందరును విచారింతురు. గదిలోని గాలిని ఎవరును విచారింపరు. మేత గది నడచుటయు, మూతపడుటయు ఎక్కువగా ఆ గాలి మీదనే ఆధారపడియున్నవి. గాలిలోని వేడిమియు, తేమయు అదుపులో నున్నంత కాలము గింజ నుండి మేత పెరుగును. అదుపు తప్పిననాడు అదే ట్రేలో, అదే గింజ మీద బూజు పెరుగును. ఆ బూజు పశువు కడుపులోనికి పోయినచో నష్టము ఒక ట్రేతో పోదు.

మట్టి లేని సేద్యము నిన్నటి మాట కాదు. హైడ్రోపోనిక్స్ అను పేరును 1937లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికె అను శాస్త్రజ్ఞుడు ప్రచారములోనికి తెచ్చెను. మన దేశములో 1946లో బెంగాలులోని కాలింపాంగు వద్ద షోల్టో డగ్లస్ అను నతడు తక్కువ ఖర్చుతో ఈ పద్ధతిని ప్రయోగించి చూచెను. వారు పెంచినవి కూరగాయల వంటి పంటలు. వాటికి లవణములు కలిపిన నీరు కావలెను. మేత విషయము ఇంతకంటె సులభము. గింజ తనలో దాచుకొన్న ఆహారమే ఎనిమిది దినముల మొలకకు సరిపోవును గనుక వట్టి నీరు చాలును. ఇటీవలి సంవత్సరములలో గోవాలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రము మొక్కజొన్నతో ఈ మేతను పెంచి, పాడి పశువులకు పెట్టి పరీక్షించినది.

పని తీరు రైతుకు ఎరిగినదే. నారుమడికి వడ్లు నానబెట్టి, గోనెసంచిలో పోసి, బరువు పెట్టి మండె కట్టుట ఎరుగని సేద్యగాడు లేడు. పెండ్లిండ్లలో పాలికలలో నవధాన్యములు మొలిపించుట ఎరుగని ఇల్లాలు లేదు. ఈ రెంటినే విశాలముగా, లెక్క ప్రకారము చేసినచో మేత గది యగును. శుభ్రము చేసిన మొక్కజొన్నలను 12 మొదలు 24 గంటలు నానబెట్టి, తడి గోనెలో ఒక దినము మొలక కట్టించి, రంధ్రములు గల ట్రేలలో పలుచగా పరతురు. చదరపు మీటరు స్థలమునకు 6 లేక 7 కిలోల గింజ పట్టును. ట్రేలను అరలలో పేర్చి, దినమునకు అనేక పర్యాయములు సన్నని తుంపర పట్టింతురు. వేళ్ళు ఒకదానితో నొకటి పెనవేసికొని చాపవలె నగును. ఎనిమిదవనాటికి ఆకు జానెడుకు పైగా లేచును. చాపను చుట్టి, వేళ్ళతో గింజతో సహా పశువు ముందు వేయవచ్చును. కిలో మేతకు 2 లేక 3 లీటర్ల నీరు మాత్రమే పట్టుటచే నీటి ఎద్దడి గల ఊళ్ళకు ఇది ఆకర్షణీయముగా నున్నది.

ఇంతవరకు విని గ్రామ సభలో పెద్దవారొకరు లేచి, “ఏమయ్యా సర్పంచీ, ఆ మొక్కజొన్న గింజ నూకగా విసిరి పశువుకే పెట్టరాదా, మధ్యన ఈ గది ఎందుకు?” అని అడిగిన, ఆ ప్రశ్నను కొట్టివేయరాదు. కిలో గింజకు 5 లేక 6 కిలోల మేత వచ్చుట నిజమే. కాని పెరిగిన బరువు నీటిది. పచ్చిమేతలో నీరు పోగా మిగులు సారము నూటికి 11 మొదలు 14 వంతులు. గింజలోనో, నూటికి 88 వంతుల వరకు పొడి పదార్థమే. కిలో గింజలో 880 గ్రాములుండగా, దాని నుండి వచ్చిన ఐదున్నర కిలోల మేతలో, మిక్కిలి బాగుగా పెరిగినను, 770 గ్రాములే లెక్కకు వచ్చును. మిగిలినది మొలక శ్వాసించుటలో ఖర్చైపోయినది. మరి లాభమేమనగా, పచ్చదనము, విటమినులు, సులభముగా జీర్ణమగు గుణము. పచ్చి గడ్డి ఏ మూలను దొరకని మాసములలో ఈ లాభము విలువైనది. కాలువ క్రింద నేపియరు గడ్డి ఏపుగా పెరుగు ఊరిలో దీనికై ధనము వెచ్చించుట అనవసరమని చెప్పక తప్పదు. వరిగడ్డిని పూర్తిగా మానిపించి దీనినే పెట్టుటయు తగదు. ఎంత పెట్టవలెనో పశువైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

ఇచట ఒక హెచ్చరిక. మొక్కజొన్న ప్రియమైనదని జొన్న మొలిపింపరాదు. లేత జొన్న నాము తిని పశువులు పడిపోవుట మనవారెరిగినదే. జొన్న మొలకలోను అదే విషమున్నది. విత్తుటకై మందు పట్టించి, రంగు పూసి అమ్ము విత్తనములును మేతకు పనికిరావు.

బూజు చేయు కీడు

బూజు అనగా రొట్టె మీద, పచ్చడి మీద లేచు తెల్లని నూగు అని తేలికగా తీసికొనుట కలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతు తెలియని జబ్బుతో చచ్చినవి. వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు విడిచిన విషమే కారణమని పిదప తేలినది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. ఈ బూజు మొక్కజొన్న మీదను చక్కగా పెరుగును. విషము కాలేయమును పాడుచేయును. పాడి ఆవు తిన్నచో కొంత రూపు మారి పాలలోనికి దిగును. ఆ పాలు త్రాగునది పిల్లలు. అందుచేతనే మన దేశపు ఆహార భద్రతా ప్రమాణములు కిలో పాలలో ఇది అర మైక్రోగ్రామునకు మించరాదని విధించినవి. పాలు కాచినంత మాత్రమున ఈ విషము పోదు.

మొలకెత్తిన గింజకు ప్రత్యేకముగా పట్టు బూజు మరొకటి కలదు. దాని పేరు ఆస్పర్జిల్లస్ క్లావేటస్. ఆస్ట్రేలియాలో ఈ బూజు పట్టిన మొలకల మేత తిన్న పశువులు వణకుచు, వెనుక కాళ్ళు తడబడి కూలిన సంగతిని 2004లో అచటి పశువైద్యులు ప్రకటించిరి. ఇట్లు నరముల జబ్బు పట్టిన పశువుకు తిరుగులేని మందు లేదు. కావున ట్రేలో నల్లని, పచ్చని, నీలి పొడి కనిపించినచో ఆ మేర గిల్లివేసి మిగిలినది పెట్టుట ప్రమాదము. వేళ్ళ చాపలో బూజు దారములు కంటికి కనిపించని చోటికిని ప్రాకియుండును. ట్రే మొత్తమును పారవేయవలెను. అదియు పశువుల నోటికి అందని గుంటలో.

బూజుకు కావలసినవి నాలుగు: విరిగిన గింజ, నిలిచిన తడి, కదలని గాలి, 28 మొదలు 35 డిగ్రీల వేడిమి. మొదటిదానిని ఏరివేయవచ్చును, నీటిపై తేలిన తాలు, పగులు గింజలు తీసివేసి, నూటికి ఒక పాలు మించని సోడియం హైపోక్లోరైటు ద్రావణములో అరగంట ఉంచి, మంచినీటితో రెండు మూడు పర్యాయములు కడిగినచో గింజను అంటియున్న బీజములు చాల భాగము నశించును. ట్రేలను ప్రతి పర్యాయము తోమి ఎండలో ఆరబెట్టవలెను. తక్కిన మూడును గది గాలికి సంబంధించినవి.

గాలి మోయగల నీరు

గాలి నీటిని ఆవిరి రూపమున మోయును. ఎంత మోయగలదనునది దాని వేడిమిని బట్టి యుండును. ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు, 40 డిగ్రీల వద్ద 51 గ్రాముల నీటిని మోయగలదు. మోయగలిగినదానిలో ఇప్పుడు ఎన్నో వంతు మోయుచున్నదో అదియే సాపేక్ష ఆర్ద్రత. 30 డిగ్రీల గాలిలో 15 గ్రాములున్నచో నూటికి 50 వంతులని అందురు.

ఇక ఒక లెక్క వేయుదము. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలో పట్టు గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల వద్ద ఆ గాలి అంతయు కలిసి మోయగల నీరు 850 గ్రాములు, అనగా లీటరునకు లోపు. సగము తేమతో నున్న గాలి పూర్తిగా తడియుటకు మరొక అర లీటరు, చెంబెడు నీరు, చాలును. అట్టి గదిలో దినమునకు పదుల లీటర్ల తుంపర చల్లుదుము. అందులో చాల భాగము కాలువ గుండ బయటకు పోయినను, నేల మీద నిలిచినది, ఆకుల నుండి వెలువడునది, ట్రేల మీది తడి, ఇవన్నియు గాలిలోనికే చేరును. తలుపు మూసిన గదిలో గంట రెండు గంటలకే గాలి ఇక మోయలేనంత బరువెక్కును. అటుపిమ్మట తడి ఆరదు. గోడలు చెమర్చును, ట్రే అడుగున జిగురు లేచును, పుల్లని వాసన వచ్చును. మొలకకు తేమ మంచిదని విని కిటికీలన్నియు బిగించి, సందులకు పాలిథీను కాగితము అంటించు వారు తెలియక బూజుకే ఇల్లు కట్టుచున్నారు.

పైగా మొలక తానే వేడిని పుట్టించును. మండె కట్టిన వడ్ల మూటలో చేయి పెట్టినప్పుడు తగులు వెచ్చదనము అదియే. ట్రేలో గింజలు దళసరిగా పరచినచో, గది 29 డిగ్రీలున్నను చాప నడుమ అంతకు మించి యుండును. గదిలో వ్రేలాడు ఉష్ణమాపకమును చూచి తృప్తిపడక, సన్నని కడ్డీ ఉష్ణమాపకమును చాప మధ్యకు గ్రుచ్చి చూచుట అవసరము. మొక్కజొన్నకు 22 మొదలు 28 డిగ్రీలు హాయి. 32 దాటినచో ప్రమాదము మొదలగును. తేమ విషయములో, గోనెలో మొలక కట్టు దినము నిండు తేమ కావలెను. ట్రేలకు ఎక్కిన తరువాత గది గాలిలో నూటికి 70 మొదలు 80 వంతుల లోపల నిలుపుకొని, వేళ్ళను మాత్రము తడిగా నుంచుట మేలు.

రాత్రి సంగతి వేరు. 30 డిగ్రీల గదిలో నూటికి 80 వంతుల తేమ ఉన్నదనుకొందము. ఆ గాలి 26 డిగ్రీలకు చల్లబడుసరికి మంచు బిందువులు కట్టును. తెల్లవారుజామున పైకప్పు రేకు 26 డిగ్రీలకు దిగుట మామూలు. రేకు అడుగున కట్టిన నీరు బొట్టుబొట్టుగ పై అర ట్రేలలో పడును; ఆ ట్రేలే ముందుగా చెడును. ఎవరో ట్రేలపై నీరు ఎక్కువ పోసిరని పనివారిని దూషించుట అన్యాయము. సాయంత్రము ఐదు తరువాత తుంపర తగ్గించి, రాత్రి అంతయు ఫ్యాను మెల్లగా నడిపి, పై అర మీద ఏటవాలుగ ఒక పాలిథీను పట్టా కట్టినచో ఈ బాధ తీరును.

రెండు ఉష్ణమాపకములు

తేమను కొలుచుటకు అంకెలు చూపు చిన్న యంత్రములు బజారులో దొరకుచున్నవి. తడి గదిలో కొంత కాలమునకు అవి తప్పు చూపుట పరిపాటి. పాత పద్ధతి నమ్మకమైనది. ఒకే తీరు ఉష్ణమాపకములు రెండు తీసికొని, ఒకదాని బుడ్డికి పలుచని మల్లు గుడ్డ చుట్టి, గుడ్డ కొసను వాన నీరు గల చిన్న సీసాలో ఉంచవలెను. రెంటిని ప్రక్కప్రక్కన, తుంపర పడని చోట, ట్రేల ఎత్తున వ్రేలాడదీసి, రెండు నిమిషములు విసనకఱ్ఱతో విసరి చదువవలెను. నీరు ఆవిరియగునప్పుడు వేడిని లాగికొనును గనుక తడి ఉష్ణమాపకము తక్కువ చూపును. గాలి ఎంత పొడిగా నున్నచో భేదమంత పెద్దది. పొడిది 30, తడిది 29 చూపినచో తేమ నూటికి 93 వంతులు. తడిది 27 అయినచో 79. తడిది 24 అయినచో 61. కావున గది 30 డిగ్రీల దరిదాపున ఉన్నప్పుడు రెంటికిని 3 లేక 4 డిగ్రీల భేదము ఉండునట్లు చూచుకొన్న చాలును. భేదము ఒక డిగ్రీకి తగ్గినచో తుంపర ఆపి, ఫ్యాను వేయవలెను. ఈ మాత్రము చదువుటకు పట్టభద్రుడు అక్కర లేదు; ఎనిమిదవ తరగతి చదివిన బాలిక దినమునకు మూడు పర్యాయములు చదివి పలక మీద వ్రాయగలదు.

ఈ తడి ఉష్ణమాపకము మరొక గొప్ప సంగతి చెప్పును. నీటితో గాలిని ఎంతవరకు చల్లార్చగలమో దాని అంకెయే హద్దు. పూర్వము కచేరీలలోను, బంగళాలలోను వేసవిలో ద్వారములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లెడివారు. నేటి కూలరుకును, తడి మెత్తలు పెట్టి ఎదుటి గోడ నుండి ఫ్యానుతో గాలి లాగు పద్ధతికిని సూత్రమదియే. ఎంత మంచి మెత్తయైనను పొడి, తడి ఉష్ణమాపకముల భేదములో నూటికి 75 వంతుల వరకే చల్లదనము ఇయ్యగలదని లెక్క పెట్టుకొనుట క్షేమము.

అనంతపురము వంటి చోట వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీల ఎండలో తడి ఉష్ణమాపకము 24 చూపినదనుకొందము. భేదము 16, అందులో ముప్పాతిక 12, కావున గదిని 28 డిగ్రీలకు దింపవచ్చును. కాకినాడ వంటి సముద్రతీరమున గాలి 34 డిగ్రీలే. వినుటకు చల్లగా తోచును. కాని సముద్రపు గాలి వీచునప్పుడు తడి ఉష్ణమాపకము 30 చూపినచో భేదము 4, చల్లదనము 3, గది 31 డిగ్రీలు. పైగా లోపలి తేమ నూటికి 90 వంతులు దాటును. ఎండ మండు సీమలో నడచిన గది, ఎండ తక్కువైన తీరములో బూజు పట్టుటకు కారణమిదే. ఒక జిల్లాలో నడచుచున్న షెడ్డు పటమును చూపి, మరొక జిల్లాలో అమ్మజూచు వారిని సభ్యులు ఈ ఒక్క ప్రశ్న అడుగవలెను: “మా ఊరి తడి ఉష్ణమాపకము అంకెకు ఇది నిలుచునా?” పడమటి వడగాలి వీచిన దినమున కోస్తాలో కూడ గాలి పొడిగా నుండుట నిజమే, ఆ నాలుగు దినములకై యంత్రము కొనజాలము.

గది కట్టుబడి

చల్లదనము యంత్రముతో మొదలు కాదు. ముందు ఎండ లోనికి రాకుండ చూడవలెను. పొడవు తూర్పు పడమరలుగా నుండి, పడమటి గోడకు చెట్టు నీడ గల గది మంచిది. రేకు కప్పు అయినచో దానిపై తాటాకుగాని, రెల్లుగాని పరచవచ్చును. సున్నము కొట్టుట అంతకంటె చవుక. తాటాకును రేకు క్రింద, గది లోపలి వైపున కట్టరాదు. అచట తడిసి అదియే బూజు బీజములకు పుట్ట యగును. గడ్డివామి ప్రక్కన మేత గది కట్టుటయు ఇట్టి తెలివితక్కువ పనియే. తడి గాలి వేడెక్కి పైకి లేచును గనుక కప్పు దగ్గర వెలుపలికి మార్గము, నేల దగ్గర లోనికి మార్గము ఉండవలెను. రెంటికిని సన్నని వల కొట్టించినచో ఎలుకలు, ఈగలు రావు. నేల ఒక వైపునకు వాలుగా నుండి నీరు నిలువక పోవలెను. మొలక మేతకు వెలుతురు అట్టే అక్కర లేదు. పెద్ద దీపములు పెట్టవలెనను సలహా విని వేడిని, విద్యుత్తు బిల్లును పెంచుకొనవద్దు.

ఐదు ఆవులకు తలకు 8 కిలోల చొప్పున దినమునకు 40 కిలోల మేత కావలెనన్నచో దినమునకు 8 కిలోల గింజ నానవేయవలెను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ట్రేలో రెండు కిలోలకు కొంచెము తక్కువ గింజ పట్టును. నానుట, గోనె కట్టుట పోగా ఏడు దినములు ట్రేలలో ఉండును గనుక 35 ట్రేలు. పైన చెప్పిన పది అడుగుల గదిలో ఇవి సుఖముగా పట్టును. అట్టి గదికి మధ్యాహ్నపు వేళ నిమిషమునకొక పర్యాయము గాలి మారవలెనన్నచో పన్నెండు అంగుళముల ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి సుమారుగా సరిపోవును. మెత్తలు ఒక గోడకు, ఫ్యాను దాని ఎదుటి గోడకు ఉండవలెను. ప్రక్కప్రక్కన పెట్టిన ఫ్యాను మెత్త గాలినే లాగికొని బయటికి త్రోయును, గది వేడిగానే మిగులును.

విద్యుత్తు పోయినప్పటి మాట ముందుగా ఆలోచింపవలెను. వేసవి మధ్యాహ్నము రెండు మూడు గంటలు ఫ్యాను ఆగినచో మూసిన గదిలో ఏడు దినముల శ్రమ పులిసిపోవును. కరెంటు ఆగిన వెంటనే తలుపులు, పై కిటికీలు తెరచి, గాలి వచ్చు వైపు తడి గోనెలు వ్రేలాడగట్టి, ట్రేలకు చేతి పంపుతో నీరు పట్టుటకు బాధ్యుడైన మనిషి ఊరిలోనే ఉండవలెను. ఆ మనిషి పేరు తీర్మానములోనే వ్రాయుట మంచిది. జీతము ఎవరిత్తురో కూడ అందులోనే వ్రాసినచో తరువాత తగవు రాదు.

వానకాలమున ఈ గదికి సెలవు ఇచ్చుటయే యుక్తమని మా అభిప్రాయము. శ్రావణ భాద్రపదములలో బయటి గాలియే నిండు తేమతో నుండును. మెత్తలు పనిచేయవు, తడి ఆరదు. గట్లన్నియు పచ్చగా నున్న ఆ దినములలో గింజ ఖర్చు పెట్టి మేత పెంచవలసిన అవసరమును లేదు. మాఘము మొదలు జ్యేష్ఠము వరకు నడిపి, తక్కిన మాసములలో గోడలకు సున్నము వేసి, ట్రేలు ఎండబెట్టి దాచుకొనవచ్చును.

గది మంజూరు చేయుటకు ముందు ఒక పరీక్ష కలదు. దీనికి అగు ఖర్చు రెండు ఉష్ణమాపకముల ధర మాత్రమే. ఇయ్యదలచిన భవనములోనే, వైశాఖ మాసమున పదునైదు దినములు, ఉదయము 6 గంటలకును, మధ్యాహ్నము 3 గంటలకును, రాత్రి 8 గంటలకును పొడి, తడి అంకెలు రెండును చదివి వ్రాయించవలెను. మధ్యాహ్నపు తడి అంకె చాల దినములు 25కు లోబడి యున్నచో తడి మెత్తలతో గది నడచును. 25కును 28కిని మధ్య నున్నచో చిన్న గదితో, తక్కువ ట్రేలతో, ట్రేలో గింజ పలుచగా పరచి ఒక వేసవి నడిపి చూడవచ్చును. రాత్రియు పగలును 28 దాటియున్నచో ఆ ఊరిలో మూసిన గది పనికిరాదు. నాలుగు ప్రక్కలను గాలి ఆడు నీడ వల షెడ్డు వేసి చలి మాసములకు పరిమితము చేయుటయో, ఆ ధనముతో బోరు ప్రక్కన అర ఎకరము పశుగ్రాసము వేయుటయో సభ ఆలోచింపవలెను. పలక మీది అంకెలను గ్రామ సభలో చదివి వినిపించిన పిమ్మట తీర్మానమునకు పూనుకొనవచ్చును.